ఎరువు సొమ్ము కాని చిహ్నము

ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దల మాట. అమెరికా కళాశాలలలోని విద్యార్థినీ సంఘముల చిహ్నములను గూర్చి చదివినప్పుడు మాకు ఆ మాటయే జ్ఞప్తికి వచ్చినది. ఆ చరిత్రను శ్రోతలకు సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

ఇండియానా రాష్ట్రమందలి ఆస్బరీ కళాశాల 1867లో స్త్రీలకు ప్రవేశము కల్పించినది. అచ్చట చదువుచున్న బెట్టీ లాక్‌ను ఒక పురుష విద్యార్థుల సంఘమువారు తమ చిహ్నమును ధరింపుమని కోరిరట. సభ్యత్వమునకు మాత్రము సమ్మతింపలేదు. ఆమె దానిని నిరాకరించి, 1870 జనవరి 27న మరి ముగ్గురితో కలిసి కప్పా ఆల్ఫా తీటా సంఘమును స్థాపించినది. గాలిపటము ఆకృతిగల చిహ్నము వారిది.

ఇల్లినాయ్ రాష్ట్రమందలి మాన్‌మత్ కళాశాలలో 1867లో పుట్టి, నేడు పై బీటా ఫై అనబడు సంఘము బంగారు బాణమును, 1870లో పుట్టిన కప్పా కప్పా గామా బంగారు తాళపుచెవిని తమ గుర్తులుగా ఎన్నుకొనినవి. చిహ్నముపైని గ్రీకు అక్షరములు సర్వులకు కనబడును. వాని అంతరార్థము సభ్యురాండ్రకే ఎరుక.

తమకు మూయబడిన తలుపులను తెరచుకొనిన ఈ సంఘములే నల్లజాతి యువతులకు చిరకాలము తలుపులు మూసియుంచినవి. ఆ యువతులు 1908లో వాషింగ్టన్ నగరమందలి హోవర్డ్ విశ్వవిద్యాలయమున ఆల్ఫా కప్పా ఆల్ఫాను స్థాపించుకొనిరి. ఇరువది ముత్యములు పొదిగిన ఐవీ తీగ ఆకు వారి చిహ్నము. అదియు ఎరువు సొమ్ము కాదు.