డెల్టా పట్టణాల్లో సామూహిక గృహ నిర్మాణం: తెనాలి, బాపట్ల, రేపల్లె

పరిచయం

వంద ఇళ్లను ఒకేచోట కట్టాలంటే గోడల కంటే ముందు దారి, మంచినీరు, మురుగు పారుదల గురించి నిర్ణయాలు జరగాలి. ఆ నిర్ణయాలను ఎవరు, ఏ క్రమంలో తీసుకున్నారన్న ప్రశ్నే గృహ నిర్మాణ నిర్వహణ చరిత్రకు కేంద్రం. కృష్ణా పశ్చిమ డెల్టాలోని మూడు పట్టణాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం. వీటిలో తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి.

1. నేల, నీరు, ఉమ్మడి గోడ

విజయవాడ వద్ద 1852–55 మధ్య ఆనకట్ట నిర్మించడంతో ఈ ప్రాంతపు వరి సాగు విస్తరించింది. 1899 నాటికి పూర్తయిన విజయవాడ–మద్రాసు రైలు మార్గం తెనాలిని, బాపట్లను కలిపింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు రైలు వచ్చింది. ధాన్యం వ్యాపారంతో పట్టణాలు పెరిగాయి. బజారు వీధుల్లో స్థలం ప్రియమై, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని లేచాయి. అప్పటి నిర్వహణ అంతా ఇంటి యజమానికీ మేస్త్రికీ మధ్యనే ఉండేది. మధ్య గోడ ఎవరిది, చూరు నీళ్లు ఎవరి స్థలంలో పడాలి అన్న తగాదాలను పెద్దమనుషులో కోర్టులో తీర్చేవారు.

ఇళ్ల మధ్య తగాదాను అలా తీర్చవచ్చు, వీధిలో నిలిచిన నీటిని తీర్చలేం. డెల్టాలో సాగునీటి కాలువలు మెరక వెంట, మురుగు కాలువలు పల్లం వెంట సాగుతాయి. ఈ రెంటి మధ్య ఉన్న మాగాణిని ఇళ్ల స్థలాలుగా మార్చాక ఒక్కొక్కరు విడిగా మెరక తోలించుకుంటే, తోలించుకోలేని పొరుగువారి స్థలం మడుగవుతుంది. అందుకే స్థలాల ఎత్తును, మురుగు దారిని ఉమ్మడిగా నిర్ణయించే అధికారం అవసరమైంది. తెనాలి పురపాలక సంఘం 1909లో ఏర్పడగా, పట్టణ ప్రణాళికలు తయారుచేసే అధికారాన్ని 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం పురపాలక సంఘాలకు ఇచ్చింది.

నేల స్వభావం కూడా ముఖ్యమే. తెనాలి, రేపల్లె పరిసరాల్లోని నల్ల బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిస్తుంది. పునాది లోతు చాలకపోతే గోడలు బీటలు వారతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న బాపట్ల వైపు ఇసుక నేలలు ఎక్కువ. కాబట్టి ఒకే పునాది ప్లాను మూడు ఊళ్లకూ సరిపోదు.

2. 1977 తుపాను తరువాత

1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల తీరాలనూ దెబ్బతీశాయి. మట్టి గోడలు, తాటాకు కప్పు ఉన్న ఇళ్లు నిలవలేదు. పక్కా ఇల్లు ప్రాణరక్షణ అవసరమని అందరికీ తెలిసివచ్చింది. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. తరువాతి పథకాల్లో లబ్ధిదారే తన ఇల్లు కట్టుకోవడం, పునాది, గోడలు, శ్లాబు దశల వారీగా సొమ్ము విడుదల కావడం స్థిరపడిన పద్ధతి. ఇందులో కుటుంబమే పర్యవేక్షకుడు. సిమెంటు పాలు తగ్గినా, ఇటుక నాసిరకమైనా అడిగేవారు పక్కనే ఉంటారు. అయితే వీధి మురుగు కాలువ ఏ ఒక్క కుటుంబం చేతిలోనూ ఉండదు.

3. టిడ్కో ఇళ్లు

2015 జూన్‌లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పట్టణ) మొదలైంది. దాని కింద ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో సంస్థ తెనాలి సహా అనేక పట్టణాల్లో గ్రౌండ్ ప్లస్ మూడు అంతస్తుల సముదాయాలు చేపట్టింది. 300, 365, 430 చదరపు అడుగుల చొప్పున మూడు రకాల ఇళ్లు నిర్ణయించారు. వీటిని షియర్ వాల్ పద్ధతిలో కట్టారు. అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడను, శ్లాబును కాంక్రీటుతో పోస్తారు. పని వేగంగా సాగుతుంది. కానీ తలుపు, కిటికీ, కరెంటు గొట్టం ఎక్కడ ఉండాలో కాంక్రీటు పోయకముందే తేలాలి. తరువాత గోడ పగలగొడితే భవనానికే ముప్పు. డిజైన్ దశలో జరిగిన పొరపాటు ఎన్ని ఇళ్లు కడితే అన్ని ఇళ్లలోనూ కనిపిస్తుంది.

ఇక్కడ పర్యవేక్షణ కుటుంబం నుంచి సంస్థకు, కాంట్రాక్టరుకు మారింది. 2019లో ప్రభుత్వం మారాక రివర్స్ టెండర్లు వచ్చాయి. గోడలు లేచినా రోడ్డు, నీరు, మురుగు వ్యవస్థ పూర్తికాక అప్పగింత ఆలస్యమైన సముదాయాలు రాష్ట్రంలో చాలా ఉన్నాయి. బ్యాంకు రుణంతో ఇల్లు తీసుకున్న కుటుంబానికి ఆలస్యమంటే ఒకవైపు అద్దె, మరోవైపు వాయిదా. నిర్వహణ లోపానికి అసలు మూల్యం చెల్లించేది ఆ కుటుంబమే అని గమనించాలి.

సారాంశం

యజమాని–మేస్త్రి పద్ధతిలోనూ, లబ్ధిదారు పద్ధతిలోనూ ఇంటిపై శ్రద్ధ ఉంది, వీధిపై అధికారం లేదు. సంస్థ చేతికి వచ్చాక అధికారం ఏర్పడింది, నివాసి మాట వెనకబడింది. డెల్టా నేలలో సరైన క్రమం ఇది: ముందు మట్టి పరీక్ష, స్థలం ఎత్తు, మురుగు దారి, తరువాత పునాది, గోడలు, మొదటి నుంచి చివరి వరకు నివాసుల భాగస్వామ్యం. ఇళ్ల లెక్కతో పాటు వాటిలో ఎన్ని కాపురాలు మొదలయ్యాయో కూడా చూసినప్పుడే పథకం విలువ తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విడివిడిగా మెరక తోలించుకోవడం డెల్టా పట్టణాల్లో ఎందుకు సమస్య అవుతుంది?
2. లబ్ధిదారు స్వయంగా కట్టుకునే పద్ధతిని, టిడ్కో పద్ధతిని పర్యవేక్షణ దృష్టితో పోల్చండి.
3. మీ పట్టణంలోని ఒక కాలనీని చూసి, రోడ్డు, నీరు, మురుగు కాలువ, ఇళ్లు ఏ క్రమంలో వచ్చాయో అక్కడి పెద్దలను అడిగి రాయండి.