భుజాలెగరేసిన అవ్వ



ఉగాది సంచిక కోసం మన పిల్లలు పంపిన కథలు ఒక్కొక్కటిగా చదువుతున్నాం. బాగా రాస్తున్నారు. తెలుగు లిపి రాని పిల్లలు నోటితో చెప్పి, ఇంట్లో ఎవరిచేతనో రాయించి పంపారు. అందుకు ముందే మా సంతోషం చెప్పుకోవాలి. కానీ ఒక కథ దగ్గర ఆగిపోయాం. కోవిల్‌పట్టి పక్క కరిసల్ నేలలో ఒక ఊరు. ఎనభై దాటిన అవ్వ. మనవడు పై చదువు మానేసి వచ్చాడని తెలియగానే ఆ అవ్వ భుజాలు ఎగరేసి, కనుగుడ్లు పైకి తిప్పి నిట్టూర్చిందట!

మొదట నవ్వొచ్చింది. తరువాత దిగులేసింది. మన ఇళ్ళలో ఏ అవ్వ అయినా భుజాలు ఎగరేయగా చూశారా? మా అవ్వ అయితే పెదవి విరిచేది. కోపమొస్తే మూతి మూడు వంకరలు తిప్పి, కొంగు దులుపుకుని లోపలికి పోయేది. ఆ కథలో మాట మన అవ్వదే, ఒళ్ళు మాత్రం ఇంగ్లీషు సీరియల్‌లోది. తప్పు పిల్లలది కాదు. మాటను కాపాడుకోవాలని మనం నూరుసార్లు చెప్పాం గానీ, ఒంటి భాష గురించి ఒక్కసారీ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

ఇది కొత్త ప్రశ్న కాదు. భరతుని నాట్యశాస్త్రం తలకే పదమూడు కదలికలు చెప్పింది. అంతకన్నా మనకు పనికొచ్చే సంగతి అందులో మరొకటుంది. దాన్ని ప్రవృత్తి అన్నారు. ఒక్కో దేశానికి వేషం, భాష, ఆచారం వేరుగా ఉంటాయి గనుక నటులు ఆ తేడా పాటించాలని చెప్పి, ఆవంతి, దాక్షిణాత్య, పాంచాలి, ఓడ్రమాగధి అని నాలుగుగా విభజించారు. ఒక ప్రాంతం మనిషిని ఇంకో ప్రాంతం నడతతో చూపించకూడదన్న ఎరుక అంత పాతది. తరువాత నందికేశ్వరుని అభినయదర్పణం తలకు తొమ్మిది భేదాలు, చూపుకు ఎనిమిది భేదాలు చెప్పింది. ఆ అభినయదర్పణాన్ని 1917లో ఇంగ్లీషులోకి తెచ్చిన ఇద్దరిలో ఒకరు ఆనంద కుమారస్వామి. రెండవవారు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల-పేరాల ఉద్యమం నడిపిన ఆంధ్రరత్న ఆయనే. పన్ను కట్టం అని ఊరినే ఖాళీ చేయించిన మనిషి, అంతకు నాలుగేళ్ళ ముందు కనుచూపుల లెక్కలు తర్జుమా చేశాడంటే చాలామంది నమ్మరు.

పడమటి దేశాల్లో ఈ పని గట్టిగా మొదలుపెట్టినవాడు డార్విన్. 1867లో ఆయన ఒక ప్రశ్నల పట్టిక అచ్చు వేయించి, వేరువేరు దేశాల్లో ఉన్న తెల్లవారికి పంపాడు. ఆశ్చర్యపోతే కనుబొమలు లేస్తాయా, సిగ్గుకు ముఖం ఎర్రబడుతుందా, అవును అనడానికి తల కిందికీ పైకీ ఊపుతారా అని అడిగాడు. జవాబులన్నీ కూర్చి 1872లో పుస్తకం వేశాడు. అందులో మన దేశం గురించి వచ్చిన కబురు చదివితే నవ్వొస్తుంది. ఇక్కడివాళ్ళు కాదు అనడానికి తల వెనక్కి, కాస్త పక్కకు విసిరి, నాలుకతో చప్పుడు చేస్తారని ఒకరు రాశారు. ఆ చప్పుడుకు అర్థమేమిటో డార్విన్‌కు అంతుపట్టలేదు! మనకు తెలుసు కదా. అప్పుకు వచ్చినవాడికి తాత జవాబు ఆ ఒక్క "ప్చ్" లోనే ఉండేది. కలకత్తా తోటలో పనిచేసే ఇంకొకాయన, ఇక్కడివాళ్ళు అవునన్నప్పుడు తల నిలువుగా ఊపరు, ఒక పక్కకు వంచి ఏటవాలుగా ఒక్కసారి ముందుకు కదుపుతారని రాశాడు. అంటే మన తలాట నూటయాభై ఏళ్ళకు పైగా బయటివాళ్ళను తికమక పెడుతూనే ఉంది.

తరువాత 1960ల చివర్లో పాల్ ఎక్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త న్యూగినీ కొండల్లోని ఫోరే జనం దగ్గరికి వెళ్ళాడు. చిన్న కథ చెప్పి, దానికి సరిపోయే ముఖం ఫోటో చూపించమన్నాడు. సంతోషం, దుఃఖం, కోపం, ఏవగింపు వంటివి వాళ్ళు బాగానే గుర్తుపట్టారు. భయాన్నీ ఆశ్చర్యాన్నీ మాత్రం కలగలిపేశారు. ముఖాలు లోకమంతటా ఒకటే అన్న ఆయన మాటను తరువాతివాళ్ళు కొందరు ఒప్పుకోలేదు, ఆ వాదన ఇంకా తెగలేదు. కానీ ఆయన చెప్పిన రెండో సంగతి కథ రాసేవాళ్ళకు బంగారం. ముఖంలో భావం పుట్టడం వేరు, దాన్ని ఎవరి ముందు ఎంత చూపాలి అన్న కట్టడి వేరు. జపాన్ విద్యార్థులకు, అమెరికా విద్యార్థులకు జుగుప్స పుట్టించే సినిమా చూపించారు. ఒంటరిగా ఉన్నప్పుడు రెండు జట్ల ముఖాలూ ఒకేలా ముడుచుకున్నాయి. పక్కన పెద్దమనిషి ఒకరు కూర్చుంటే జపాన్ పిల్లలు చిరునవ్వుతో కప్పేసుకున్నారు.

ఈ కట్టడి తెలియకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. పెళ్ళిచూపులకు విదేశంలో పెరిగిన అబ్బాయి వచ్చాడు. మా అమ్మాయి తల దించుకుని, బొటనవేలితో నేల రాస్తూ కూర్చుంది. అడిగినదానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది. మా వాళ్ళందరికీ అది ఒప్పుకోలే. అబ్బాయికి మాత్రం అది ఇష్టం లేకపోవడం. ఒక్కసారి కూడా కళ్ళలోకి చూడలేదు, ఎవరో బలవంతపెట్టినట్టున్నారు అని కబురు పంపారు. సంబంధం తప్పిపోయింది. ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు, నిజానికి అమ్మాయి మేలు కోరే వెనక్కి తగ్గాడు. ఇద్దరూ మంచివాళ్ళే. మధ్యలో ఓడిపోయింది ఒక చూపు. కథ రాసేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద వస్తువు కావాలా?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నాయకరాజుల కాలంలో తంజావూరు సీమకు వచ్చిన మన భాష, ఒంటితో ఎంత దూరం పోగలదో చూడాలంటే మెలట్టూరు పోవాలి. అచ్యుతప్ప నాయకుడు భాగవతులకు ఇచ్చిన ఊరని చెబుతారు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన ప్రహ్లాద చరిత్రను నరసింహ జయంతి రోజుల్లో ఇప్పటికీ రాత్రంతా ఆడతారు. ఆడవేషాలూ మగవాళ్ళే కడతారు. చుట్టూ కూర్చుని చూసేది తమిళ జనం. పాట తెలుగు, వినే చెవి తమిళం. లీలావతి కన్నతల్లి దుఃఖం మాత్రం ఆ నటుడి కనుబొమల్లో, వణికే చేతిలో అందరికీ అందుతుంది. క్షేత్రయ్య పదాలూ అంతే. తమిళదేశంలో అభినయం పట్టిన దేవదాసీల ఇళ్ళలోనే అవి చాలావరకు బతికాయి. బాలసరస్వతి గారి పేరు చెబితే పదాభినయమే గుర్తొస్తుంది కదా.

అయితే ఇరుగుపొరుగుతో కలిసి బతికే మనకు, ఏది మనది ఏది వాళ్ళది అని గీత గీయడం అంత తేలిక కాదు. ఆశ్చర్యానికి మనం ముక్కున వేలేసుకుంటాం. తమిళులూ, కన్నడిగులూ అదే ముక్కు మీదే వేలు పెడతారు, మాటలోనూ అలాగే అంటారు. మహారాష్ట్రకు పోతే వేలు నోట్లోకి జారుతుంది, "తోండాత బోటె ఘాలణే" అంటారు. షోలాపూర్‌లో ఉన్న మనవాళ్ళు కథ రాస్తే ఆ అవ్వ వేలు ఎక్కడ పెట్టుకుంటుందో వాళ్ళే చూసి చెప్పాలి. పిళ్ళయార్ గుడి ముందు తమిళులు కణతల మీద మొట్టుకుని తోప్పుకరణం తీస్తారు. మన ఇళ్ళలో చెంపలూ వేసుకుంటాం, గుంజిళ్ళూ తీస్తాం, మొట్టుకోవడమూ వచ్చి చేరింది. అది కల్తీ కాదు, మనం ఇక్కడ కాపురమున్నదానికి గుర్తు.

ఒకే సైగకు రెండు అర్థాలుంటాయన్నదీ మరువకండి. మనవరాలి ముఖం చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించి మెటికలు విరిస్తే అది దిష్టి తీయడం. వీధి కొట్లాటలో ఎదుటిమనిషి వైపు మెటికలు విరిస్తే అది శాపం. వేళ్ళవే, చప్పుడదే. ఎవరు, ఎక్కడ, ఎవరి మీద అన్నదే కథ.

ఇంకొక మాట ఉంది. మనలో కొందరికి చేదుగా ఉండొచ్చు, అయినా చెప్పాలి. తమిళనాడులో తెలుగు మాట్లాడేవాళ్ళంటే భూములున్న కులాలే కాదు. అరుంధతీయుల్లో కూడా ఎంతోమంది ఇళ్ళలో తెలుగే. ఆ ఇళ్ళ తాత, భూస్వామి ఎదురైతే భుజం మీది తుండు తీసి చంకలో పెట్టుకుని, నడుం వంచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. దాన్ని వినయమనో మన సంస్కారమనో కథలో రాయకండి. అది చేయక తప్పని వంపు. అందుకే ఆత్మగౌరవ ఉద్యమం వచ్చాక అదే తుండు భుజాన వేసుకుని నడవడం ఒక ప్రకటన అయింది. తాత వంగిన నడుమూ, మనవడు భుజాన వేసుకున్న తుండూ రెండూ మన చరిత్రే. ఏ కులం మనిషి, ఏ కాలం మనిషి, ఎవరి ముందు నిలబడ్డాడు అన్నది తెలియకుండా ఒక్క చెయ్యి కూడా కదిలించకూడదు.

దీనికి మనకు మంచి గురువు దగ్గర్లోనే ఉండేవారు. కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, తమిళంలో రాసిన కి. రాజనారాయణన్. ఆంధ్రదేశం విడిచి దక్షిణానికి నడిచొచ్చిన మన పెద్దల కథను ఆయన గోపల్ల గ్రామం నవలగా రాశారు. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పల్లెజనం పక్కన కూర్చుని, వాళ్ళ మాటనూ నడవడినీ చెవితోనూ కంటితోనూ పట్టి రాసినాయన. మన ఊళ్ళ మనుషులు ఇతరుల కథల్లోంచి అరువు తెచ్చుకున్నట్టు ఉండకూడదంటే దారి అదే.

చివరగా ఆ భుజాలెగరేసిన అవ్వ సంగతి. కథ రాసిన అమ్మాయికి ఫోను చేసి, "మీ అవ్వ నిజంగా ఏం చేస్తుందో ఒకసారి చూసి చెప్పు తల్లీ" అన్నాం. నాలుగు రోజులకు మార్చి పంపింది. ఇప్పుడు ఆ అవ్వ చేటలో పప్పు ఏరుతోంది. మనవడి మాట విని తల ఎత్తలేదు. వేళ్ళు మాత్రం ఆగిపోయాయి. కాసేపటికి ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. అంతే రాసింది. మేము ఆ వాక్యాల దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాం.

బళ్ళారి, బరంపురం, షోలాపూర్, యానాం, మన మదురై వైపు సభ్యులందరికీ ఒకటే విన్నపం. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన అరగంట కూర్చోండి. ఏం మాట్లాడారో కాదు, కోపానికి, సిగ్గుకు, వద్దనడానికి, సరేననడానికి వాళ్ళ చేతులు, కళ్ళు, మూతి ఏం చేశాయో రాసి పంపండి. ఏ ఊరో, అమ్మ వైపో నాన్న వైపో కూడా రాయండి. సంచిక చివర నాలుగు పేజీలు వాటికోసమే ఖాళీగా పెట్టాం.