పాత వరసకు కొత్త అడుగు

సాయంకాలం అమీర్‌పేట సందుల్లోనో, పంజగుట్ట వెనక వీధుల్లోనో నడుస్తూంటే ఏదో ఒక మేడమీదనుంచి పిల్లల సంగీత పాఠం వినబడుతుంది. సరళీ వరసలు, జంట వరసలు అయ్యాక కొందరు టీచర్లు 'శక్తిసహిత గణపతిం' ఎత్తుకుంటారు. పిల్లలకు అదంటే మహా ఇష్టం. గమకాల బెడద లేదు, గబగబా పరుగెడుతుంది. ఆ పరుగు ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

ముత్తుస్వామి దీక్షితులవారి (1775–1835) కుటుంబం మద్రాసు పక్కన మణలిలో కొంతకాలం ఉంది. వారిని ఆదరించిన మొదలియార్లకు కంపెనీ దొరలతో వ్యవహారం. ఆ రోజుల్లో కోటలో వాయించే బాండు మేళం దీక్షితులవారి చెవిన పడింది. ఆయన విసుక్కోలేదు. ఆ వరసలు పట్టుకుని సంస్కృతంలో దేవతాస్తుతులు కట్టారు. అవే నోట్టుస్వరాలు, సుమారు నలభై. 'సంతతం పాహిమాం' అనేది సాక్షాత్తు ఇంగ్లీషు రాజుగారి జాతీయగీతం వరస. రాజుగారి స్థానంలో అమ్మవారు వచ్చి కూర్చుంది! 1905లో సుబ్బరామ దీక్షితులు తెలుగులో అచ్చువేయించిన 'ప్రథమాభ్యాస పుస్తకము'లో ఇవి చేరాయి.

వీటిలో 'కమలాసన వందిత' వరస 'గాలపేడ్' అనే ఇంగ్లీషు పల్లె నాట్యానిది. జంటలు రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడతారు. ముందుకొచ్చి, వెనక్కి వెళ్ళి, అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు మారతారు. ఎవరి జోడీతో వాళ్ళు గిర్రున తిరుగుతారు. పై జంట మధ్యనుంచి పరుగెత్తి చివరకు చేరుతుంది. రెండో జంట ఇప్పుడు మొదటిదవుతుంది.

మనకు వరస వచ్చింది గాని అడుగు రాలేదు. పిల్లలు బాసింపట్టు వేసుకుని పాడుతున్నారు.

ఇంగ్లండులో ప్లేఫర్డ్ అనే ఆయన 1651లోనే ఇలాంటి నాట్యాలను పుస్తకంగా వేశాడు. మధ్యలో మరుగున పడితే, 1911లో సెసిల్ షార్ప్ సంఘం పెట్టి మళ్ళీ నేర్పించాడు. పాత వరసలకు కొత్త నాట్యాలు కట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మరి మనమెందుకు కట్టకూడదు? మన కోలాటంలో కోపులు లేవా? మేడమీద రెండు వరసలుగా నిలబడండి. నాలుగడుగులు ముందుకు, ఎదుటివారి కోలకు తాకించి, నాలుగడుగులు వెనక్కు. తర్వాత ఎనిమిది అడుగుల్లో చోట్లు మారండి. ఇదంతా మళ్ళీ ఒకసారి చేస్తే సొంత చోటికి వస్తారు. జోడీ చుట్టూ ఒక ప్రదక్షిణం. పై జంట మధ్యదారిన చివరికి. అంతే!

"దేవుడి పాటకు దొరల గెంతులేమిటమ్మా?" అంటారు పెద్దవాళ్ళు. గెంతుల వరసలోకే దేవుణ్ణి పిలిచినవారు దీక్షితులవారని చెప్పండి.

ఇంకొక్క మాట. మన వేడుకల్లో ఎవరో నలుగురు ఆడతారు, మిగిలినవాళ్ళం పళ్ళేలు సర్దుతూ గోడవార నిలబడతాం. ఈ ఆటలో గోడవార ఎవరూ మిగలరు. చివర నిలబడ్డ కోడలు కూడా జరుగుతూ జరుగుతూ పైకి వస్తుంది. పై చివర ఉన్న అత్తగారు నవ్వుతూ కిందికి వెళ్ళాల్సిందే.

ఈసారి పిల్లలు పాడుతూంటే వంటింట్లోనుంచి విని ఊరుకోకండి. కొంగు బిగించి రండి.