చెక్కుతో ముగిసిన సర్వీసు

సర్వీసు రిజిస్టరులో ఒక్క ఏడాది లెక్కకు రాకపోతే ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కామో మనకు తెలియనిది కాదు. మన పొరుగున నేపాల్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, చూపించుకోవడానికి రిజిస్టరే లేని ఆడవాళ్ళ సంగతి ఇది. వారు చేసింది తుపాకీ పట్టిన పని. దాని మంచిచెడ్డలు వేరే చర్చ.

1996 ఫిబ్రవరిలో మొదలైన మావోయిస్టు పోరాటానికి పశ్చిమ కొండల్లోని రోల్పా, రుకుం జిల్లాలు పట్టుకొమ్మలు. అక్కడ మగర్ తెగవారు ఎక్కువ. మగర్, థారూ, తమాంగ్ వంటి జనజాతుల ఆడపిల్లలు ఎందరో దళాల్లో చేరారు. 2006 నవంబరులో శాంతి ఒప్పందం కుదిరాక ఐక్యరాజ్యసమితి వారు తనిఖీ చేసి 19,602 మందిని సైనికులుగా గుర్తించారు. అందులో స్త్రీలు 3,846 మంది.

శిబిరాల్లోనే అయిదేళ్ళు గడిచాయి. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. చివరకు మూడు దారులు చూపించారు: జాతీయ సైన్యంలో చేరడం, డబ్బు తీసుకుని వెళ్ళడం, పునరావాస శిక్షణ. శిక్షణ కోరుకున్నది మొత్తం ఆరుగురే! సైన్యానికి వయసు, చదువు, దేహదారుఢ్యం నిబంధనలు. చంకలో పసిబిడ్డ ఉన్న తల్లికి అది అందే మాట కాదు. చివరకు సైన్యంలో చేరిన 1,422 మందిలో స్త్రీలు బహు కొద్దిమంది. మిగిలినవారికి 2012లో హోదాను బట్టి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు రెండు చెక్కులుగా ఇచ్చారు. మన లెక్కలో 5 లక్షలంటే 3 లక్షల పైచిలుకు. నెలనెలా పింఛను లేదు. ఏకమొత్తంగా వచ్చిన సొమ్ము ఎన్నాళ్ళు నిలుస్తుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంటికి వెళ్ళాక అసలు చిక్కు. దళంలో కులం, తెగ చూడకుండా చేసుకున్న పెళ్ళిని అత్తవారిల్లు ఒప్పుకోలేదు. కవాతు చేయించిన మనిషిని కోడలిగా తల వంచుకుని ఉండమన్నారు. భర్త సైన్యంలో చేరితే, చెక్కు తీసుకుని పిల్లలతో ఇంటిపట్టున ఉండిపోయింది భార్యే. రోల్పాకే చెందిన ఓన్సరీ ఘర్తీ మగర్ 2015లో నేపాల్ పార్లమెంటుకు తొలి మహిళా స్పీకరయ్యారు, నిజమే. అటువంటి అవకాశం ఎందరికి వస్తుంది?

వీరికంటే ముందు, 2010లోనే శిబిరాల నుంచి పంపివేసిన 4,008 మంది మరో వర్గం. వారిలో 2,973 మంది తనిఖీలో మైనర్లని తేలినవారు. వారిలో ఆడపిల్లలూ ఉన్నారు. వారికి ఆ చెక్కు కూడా లేదు. కాగితాల మీద వారికి పెట్టిన పేరు ‘అయోగ్యులు’. అర్హత లేనివారని ప్రభుత్వం ఉద్దేశం. ఊళ్ళో వినేవారికి మాత్రం ఆ మాట మన తెలుగులో ఎలా వినిపిస్తుందో అలాగే వినిపించింది.