డిస్కు చావలేదు, సీడీకే వయసైపోయింది

నాన్నగారి పాత లాప్‌టాప్‌లో మొన్న ఎక్స్‌పీ మళ్ళీ ఎక్కిద్దామని కూర్చున్నా. సెటప్ మొదలవగానే నీలితెర, స్టాప్ 7బి! "హార్డ్ డిస్కు పోయింది, మార్చేయండి" అన్నాడు షాపతను. ఆయన కథలన్నీ అందులోనే, డీ డ్రైవులో.

అసలు గొడవంతా తారీఖుల్లో ఉంది. ఎక్స్‌పీ వచ్చింది 2001లో. సాటా డిస్కులతో మాట్లాడే ఏహెచ్‌సీఐ 1.0 వచ్చింది 2004లో. అప్పటికి పుట్టనిదానికి సీడీలో డ్రైవర్ ఎక్కణ్ణుంచొస్తుంది? ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో ఇవ్వాలి. ఫ్లాపీ డ్రైవే లేని లాప్‌టాప్‌లో ఎలాగండీ? 2007లో విస్టా ఆ డ్రైవర్‌ని వెంటే తెచ్చుకుంది.

బయోస్‌లో ఏహెచ్‌సీఐ తీసి ఐడీఈ పెట్టా. సీ ఒక్కటే ఫార్మాట్ చేశా. కథలు భద్రం. ఎక్స్‌పీకి మామూలు సపోర్టు 2014లోనే ఆగింది కాబట్టి నెట్ మాత్రం తగిలించలేదు.

డిస్కు చచ్చిందని తేల్చేముందు ఏది ఎప్పుడు పుట్టిందో ఓసారి చూసుకోండి.