పురిటింటి గడప దాటాక: దిగువ కృష్ణా డెల్టాలో బాలింతల కుంగుబాటు

బాలింతల కుంగుబాటు గురించి రాసే మనవాళ్ళలో ఒక ధీమా కనబడుతుంది. పుట్టింట పురుడు, అమ్మ చేతి పథ్యం, నలుగురి సాయం ఉన్నచోట ఆ జబ్బుకు తావెక్కడిదని. బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్ళలో బాలింతలతో, వాళ్ళ తల్లులతో, అత్తలతో, ఆశా కార్యకర్తలతో మాట్లాడాక నాకు ఆ ధీమా నిలవలేదు. ఈ ప్రాంతంలో తొలిచూలు స్త్రీకి అసలు ముప్పు పురిటింట్లో లేదు. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తారింట అడుగుపెట్టిన నాటి నుంచి అది మొదలవుతుందన్నది నా వాదన.

ఆ ధీమాకు పాండిత్యపు ముద్ర వేసింది స్టెర్న్, క్రుక్‌మన్‌లు 1983లో రాసిన వ్యాసం. విశ్రాంతి, ఏకాంతం, పనిలో సాయం, తల్లయినందుకు గుర్తింపు ఆచారంగా ఉన్న సమాజాల్లో ఈ కుంగుబాటు ఆనవాళ్ళు తక్కువని, అవి కరవైనందువల్లే అమెరికాలో జబ్బు కనబడుతోందని వాళ్ళ ప్రతిపాదన. వాళ్ళు ఆచారాన్ని చూశారు గాని దాని గడువును చూడలేదు. సాయం చేసే చేతులు ఎవరివి, ఎన్నాళ్ళుంటాయి, ఆ తర్వాత ఆ పిల్ల ఎవరింట ఉంటుంది? ఈ ప్రశ్నలు వేయకుండా ఆచారం కాపాడుతుందనడం, కట్ట తెగేచోటు చూడకుండా కాలవ గట్టిదనడమే.

2002లో గోవా తల్లుల్లో 23 శాతం మందిలో విక్రమ్ పటేల్ బృందం కుంగుబాటును గుర్తించింది. అదే ఏడు వేలూరు దగ్గరి పల్లెల నుంచి చంద్రన్ బృందం పేదరికాన్ని, అత్తతోనూ కన్నవాళ్ళతోనూ పొసగకపోవడాన్ని, కొడుకు కోసం చూస్తే కూతురు పుట్టడాన్ని కారణాల్లో చేర్చింది. స్టెర్న్, క్రుక్‌మన్‌ల ధీమాకు అప్పుడే గండి పడింది. అయితే గోవాలో ఆరు నుంచి ఎనిమిది వారాలకు, వేలూరులో ఆరు నుంచి పన్నెండు వారాలకు తల్లిని పలకరించారు. మా ప్రాంతంలో ఆ వేళకు తొలిచూలు తల్లి ఇంకా అమ్మ పక్కనే పడుకుని ఉంటుంది. గోవా బృందం ఆరో నెలలో మళ్ళీ వెళ్ళిన మాట నిజమే గాని, పుట్టింటి గడప దాటడం ఏం చేస్తుందన్న నా ప్రశ్న దానితో తీరదు.

సాగనంపే రోజు సంగతి చూడండి. కారులోంచి సారె బిందెలు, ఉయ్యాల, మిగిలిన కాయం సీసా దిగుతాయి. సాయంత్రానికి పుట్టింటివాళ్ళు వెళ్ళిపోతారు. మర్నాడు తెల్లవారేసరికి నిన్నటి బాలింత పొయ్యి దగ్గరుంటుంది. చిలకలపూడిలో నేను చూసిన ఒక ఇంట్లో ఆమె ఒళ్ళో బిడ్డ, ఎదుట రోల్డ్ గోల్డ్ గొలుసుల పని. కూలి ముక్కల లెక్కన వస్తుంది గనుక చెయ్యి ఆగితే రాబడి ఆగినట్టే. బిడ్డ ఏడిస్తే అత్త నోట ముందుగా వచ్చే మాట పాలు చాలడం లేదని. ఆ మాట పడ్డాక ఆమె అన్నం మానేసిందట, నిద్ర ముందే పోయింది.

నాగాయలంక వైపు భర్త రాత్రిళ్ళు రొయ్యల చెరువు గట్టునే ఉంటాడు. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకంతా తేలిపోతుంది మరి. చెరువు కౌలుదైతే అప్పు భయం కూడా గట్టు మీదే కాపలా కాస్తుంది. గుడివాడ ఇళ్ళలో భర్త హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఫోను తెరమీద బిడ్డను చూసి మురిసిపోతాడు. తల్లి ముఖం ఆ తెరమీదికి రాదు.

ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆ ఆరు సందర్శనలూ పుట్టింటి ఊళ్ళోనే ముగుస్తాయి. అత్తారి ఊరి ఆశ చేతికి బిడ్డ టీకా కార్డు అందుతుంది గాని, తల్లి ఎలా ఉందన్న కబురు అందడం నేను చూడలేదు. సందర్శన పత్రంలో తల్లి వింతగా మాట్లాడుతోందా, ఫిట్స్ వచ్చాయా అన్న ప్రశ్న ఉంది. అసలు మాట్లాడటమే మానేసిన తల్లి ఆ ప్రశ్నకు చిక్కదు.

రెండో కాన్పు అత్తారింటే జరిగిన వాళ్ళలోనూ దిగులు కనబడింది. అది నా వాదనకు అడ్డం కాదు, వాళ్ళు గడప ముందే దాటినవాళ్ళు. జపాన్‌లోనూ పురుటికి పుట్టింటికి వెళ్ళే సతోగాయెరి ఆచారముంది. ఆడపిల్లను పురుటికి రప్పించుకుని మళ్ళీ పంపించే అలాంటి సమాజాల్లోనూ ముప్పు ఆ పంపకంలోనే ఉందేమో చూడాలి. ఇక్కడ మాత్రం పేదరికం, ఆడబిడ్డ పుట్టడం వంటివి ఆ ముప్పును పెంచేవే తప్ప మూలం కావని నాకనిపిస్తుంది. ఆశా కార్యకర్త ఏడో సందర్శన అత్తారింట, బిడ్డ దిగిన వారంలోనే జరగాలి. బిడ్డను తూచే ముందు తల్లిని పలకరించాలి.