పలుకని ప్లగిన్: లినక్సు సంగీతశాల చరిత్ర

ఏడేండ్ల క్రిందట కూర్చిన ఒక సంగీత రూపకమును మరల ప్రసారము చేయవలసివచ్చి, దాని మూల ఫైళ్ళను ఇటీవల మేము కొత్త కంప్యూటరుపై తెరచితిమి. గాత్రము వినవచ్చినది, వీణ, మృదంగము వినవచ్చినవి. కాని రాతిమండపములో పాడినట్లు తోచుటకై ఆనాడు గాత్రమునకు చేర్చిన గుంజనము మాత్రము లేదు. దానిని కల్పించు ప్లగిన్ ఈ యంత్రముపై పలుకలేదు. టేపు చెడినచో కంటికి కనబడును. ఇచట ఫైళ్ళన్నియు చెక్కుచెదరక యుండగనే పని నష్టమైనది.

ప్లగిన్ అనగా తనంతట తాను నడువని చిన్న ప్రోగ్రాము. ఆర్డోర్, రోజ్‌గార్డెన్ వంటి పెద్ద ప్రోగ్రాము దానికి ఆతిథ్యమిచ్చి, ధ్వనిని చేతికందించి, మార్చిన ధ్వనిని తిరిగి పుచ్చుకొనును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటకు ఇరువురి నడుమ ఒక ఒడంబడిక కావలెను. లినక్సులో ప్లగిన్ ఏల పలుకదు అను ప్రశ్నకు సమాధానము చాలవరకు ఈ ఒడంబడికల చరిత్రలోనే దొరకును.

1996లో జర్మనీలోని హాంబర్గు నగరపు స్టైన్‌బెర్గ్ సంస్థ వి.ఎస్.టి. అను ఒడంబడికను వెలువరించెను. అది మాకింటాష్, విండోసు యంత్రములలో వ్యాపించెను. 1991లోనే పుట్టిన లినక్సుకు అందులో పాలు లేదు. కనుక లినక్సు రచయితలు 2000 సంవత్సరమున లాడ్‌స్పా అను పేర తమ ఒడంబడికను తామే వ్రాసికొనిరి. అది యంతయు ఒక్క చిన్న ఫైలులో ఇమిడినది. ధ్వని వచ్చు ద్వారములు, పోవు ద్వారములు, మీటలకు సంఖ్యలు: అంతే. స్వరములను గ్రహించి పలుకు వాద్యములకు అందు చోటు లేదు. ప్లగిన్‌కు సొంత కిటికీయు లేదు. అయినను దానితోపాటు మూడు చిన్న పరికరములు వచ్చెను. ఒకటి యంత్రముపై నున్న ప్లగిన్లను చెప్పును. ఒకటి ప్లగిన్‌ను విప్పి చూపును. మూడవది పెద్ద ప్రోగ్రాముతో పనిలేకయే ఒక ధ్వనిఫైలుపై దానిని నడిపించును. వెనుకటి రేడియో మరమ్మతుదారు వాల్వును పెరికి వేరొక సెట్టులో పెట్టి చూచినట్లే, అనుమానితుని వేరుచేసి పరీక్షించు పద్ధతి ఆనాడే ఏర్పడినదన్నమాట.

ఆ తొలి సంవత్సరములలో సంగీతకారులను మిక్కిలి కలతపెట్టిన దోషమొకటి వింతయైనది. పాట సాగుచున్నంతసేపు యంత్రము నిబ్బరముగా నడచును. పాట ఆగి, నిశ్శబ్దము ఏర్పడిన కొన్ని క్షణములకు ప్రాసెసరుపై భారము ఒక్కసారిగా పెరిగి ధ్వని తునాతునకలగును. ఏమియు వినబడని వేళ ఇంత శ్రమ ఎవరి కొరకు? గుంజనము క్షీణించుచు శూన్యమును సమీపించునే గాని చప్పున శూన్యము కాదు. 32 బిట్ల సంఖ్యలలో, దశాంశ బిందువు తరువాత 37 సున్నలు దాటిన పిమ్మట గాని అంకె కనబడనంత సూక్ష్మ సంఖ్యలు కొన్ని కలవు. వానిని డీనార్మల్ సంఖ్యలందురు. పెంటియం 4 వంటి ప్రాసెసరులకు వానిని గుణించుటకు మామూలు సంఖ్యలకంటె ఎన్నో రెట్ల కాలము పట్టెడిది. సెకనుకు 48,000 నమూనాల ధ్వనిని 256 చొప్పున విడతలు చేసినచో ఒక్కొక్క విడతకు గడువు 5 మిల్లీసెకన్లకు కొంచెము మించి మాత్రమే. ఆర్డోర్ రచయితయైన పాల్ డేవిస్ నిర్మించిన జాక్ అను ధ్వనివాహకము, గడువు తప్పిన ప్రోగ్రామును నిర్దాక్షిణ్యముగా బయటకు నెట్టెడిది. అట్టి సూక్ష్మ సంఖ్యలను శూన్యముగా భావింపుమని ప్రాసెసరును శాసించుట ఒక చికిత్స. వినరానంత చిన్న విలువను ధ్వనికి కలుపుట వేరొకటి. మాకు ఈ రెండవదియే ముచ్చటగా తోచినది: నిశ్శబ్దమును కాపాడుటకై దానిలో కొంచెము శబ్దము కలుపుట!

వాద్యముల కొరత తీర్చుటకు 2004లో డి.ఎస్.ఎస్.ఐ. వచ్చెను, నేడు దాని పేరు తలచువారు అరుదు. 2008లో వెలువడిన ఎల్.వి.2 మాత్రము నిలచినది. లాడ్‌స్పాలో గాని, తొలి వి.ఎస్.టి.లో గాని, వచ్చిన అతిథి ఎవరో తెలియవలెనన్నచో ముందు ఇంటిలోనికి రానీయవలెను. వచ్చినవాడు కూలబడినచో ఇల్లును కూలును. ఎల్.వి.2లో ప్లగిన్ తన పేరు, ద్వారములు, అవసరములు ఒక వ్రాతఫైలులో ప్రకటించును. ఆతిథేయి దానిని గుమ్మముకడనే చదివికొనును.

విండోసు ప్లగిన్లను వైన్ అను సాధనము ద్వారా లినక్సులో నడుపు ప్రయత్నములు మొదటినుండియు సాగినవి. 2020లో వచ్చిన యాబ్రిడ్జ్ అట్టిదే. ఇచటి చిక్కు సాంకేతికముకంటె న్యాయసంబంధమైనది. వి.ఎస్.టి. మూలఫైళ్ళను తిరిగి పంచుటకు అనుమతి లేనందున వాడుకరి వానిని స్వయముగా తెచ్చికొని ప్రోగ్రామును కూర్చుకొనవలసి వచ్చెడిది. 2018లో స్టైన్‌బెర్గ్ సంస్థ రెండవ తరము మూలఫైళ్ళ పంపిణీనే ఆపివేసెను. 2022లో బిట్‌విగ్, యు-హీ సంస్థలు క్లాప్ అను ఒడంబడికను ఎవరైనను వాడుకొనదగిన రీతిలో వెలువరించెను. 2025లో వి.ఎస్.టి. మూడవ తరమును ఎక్కువ షరతులు లేని స్వేచ్ఛానుమతిలోనికి వచ్చినది. ఆలస్యమైనను మంచిదే.

నేటి దోషములు తరచుగా బంధువుల తగవులవంటివి. ఒకే ప్రక్రియలో జి.టి.కె. రెండవ తరము కిటికీలు, మూడవ తరము కిటికీలు ఇమడవు. ప్లగిన్ కోరు లైబ్రరీ లేకున్నను, ఉన్నది మరియొక తరమునకు చెందినదైనను, ప్లగిన్ పలుకదు. మౌస్‌తో ప్రోగ్రామును తెరచినచో ఈ ఫిర్యాదు మన కంటబడకపోవచ్చును. టెర్మినలులో ఆదేశము వ్రాసి తెరచినచో, ఏ లైబ్రరీ లేదో, ఏ గుర్తు దొరకలేదో అచటనే ముద్రితమగును.

మేమును అట్లే చేసితిమి. మా పాత ప్లగిన్ ఎల్.వి.2కు చెందినది, దాని మూలరచన అందరికిని లభ్యమైనందున దానిని కొత్త యంత్రముపై మరల కూర్చితిమి. మొదటి యత్నము ఒక లైబ్రరీ లోపించి విఫలమైనది. దానిని స్థాపించిన పిమ్మట రెండవ యత్నము ఫలించినది. ఫలితమును మా ఖాతాలోని డాట్-ఎల్.వి.2 అను మరుగు ఫోల్డరులో నుంచితిమి. ఆర్డోర్ తనకు దొరకని ప్లగిన్‌ను తుడిచివేయక, దాని మీటల స్థానములతోసహా ఒక ఖాళీపీట వేసి యుంచును. ఆ పీటపై పాత అతిథి వచ్చి కూర్చుండెను. ఏడేండ్లనాటి మీటలు ఏ స్థానమున నున్నవో ఆ స్థానముననే యున్నవి. ఆ శుక్రవారము రాత్రి రూపకము మండపపు గుంజనముతోనే ప్రసారమైనది.